1965 మస్టాంగ్: తలుపు మీద ఒక నంబర్, బానెట్ కింద ఇంకో నంబర్. కొనొచ్చా?

డాలస్‌లో ఉంటాను. పాత అమెరికన్ కార్లు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఒక పెద్దాయన 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ అమ్ముతున్నారు. ఫ్యాక్టరీ నుంచే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అంటున్నారు. డ్రైవర్ తలుపు ప్లేట్ మీద నంబర్ 5ఆర్08ఏ అని మొదలవుతుంది. 5 అంటే 1965, ఆర్ అంటే శాన్‌హోసే ఫ్యాక్టరీ, 08 కన్వర్టిబుల్, ఏ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289 ఘనపు అంగుళాల వీ8. బాగానే ఉంది.

బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద మడ్డి తుడిచి చూస్తే అక్కడి నంబర్‌లో ఏ బదులు టీ ఉంది! అంటే ఆరు సిలిండర్ల 200 ఇంజిన్. పైగా చక్రాలకు నాలుగేసి బోల్టులే. వీ8 బండికి ఐదు ఉండాలి కదా. తలుపు ప్లేట్లు కొత్తవి చేయించుకోవచ్చట, ఇది చూస్తే నిన్ననే బిగించినట్టు మెరుస్తోంది.

టైటిల్ (ఓనర్‌షిప్) కాగితంలో టీ నంబరే ఉంది. ఇలా ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసి వీ8 పెట్టిన బండికి పాత బ్రేకులు, సస్పెన్షన్ సరిపోతాయా? అడుగుతున్నది మాత్రం అసలైన వీ8 ధర. ఎంత తగ్గించమని అడగొచ్చు? ఎరుపు రంగు చూసి మా ఆవిడ అప్పుడే ఓకే అనేసింది, అదో టెన్షన్. ఆదివారం మళ్లీ వెళ్లాలి.