రెండో ప్రపంచ యుద్ధంలో అసలు మలుపు ఏది? స్టాలిన్‌గ్రాడ్ ఒక్కటేనా?

తూర్పుగాలి:
రెండో ప్రపంచ యుద్ధం గురించి ఏ పుస్తకం తెరిచినా, స్టాలిన్‌గ్రాడ్ దగ్గరే యుద్ధం మలుపు తిరిగిందని కనిపిస్తుంది. కానీ 1941 డిసెంబరులోనే జర్మన్ సేనలు మాస్కో ముంగిట నుంచి వెనక్కి తగ్గాయి. 1942 జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవుల దగ్గర జపాన్ దెబ్బతింది, అదే ఏడాది నవంబరు మొదట్లో ఈజిప్టులోని ఎల్ అలమైన్‌లో జర్మన్ సేనాని రోమెల్ బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ చేతిలో ఓడిపోయాడు. వీటిలో ఏది నిర్ణాయకమో తేల్చడానికి కొలబద్ద ఏమిటి? ప్రాణనష్టమా, సేనానుల ప్రతిభా, మరేదైనానా? కారణాలతో వివరించగలరని కోరుతున్నాను.

పాతఅట్లాసు:
ఓడిన పక్షానికి ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు, ఎంత బలంతో దాడి చేయాలో నిర్ణయించుకునే వీలు మిగిలిందా లేదా అన్నదే నా కొలబద్ద. ఆ లెక్కన తూర్పు రంగంలో నేను మాస్కోకే మొదటి స్థానం ఇస్తాను. 1941 జూన్ 22న జర్మనీ మూడు ఆర్మీ గ్రూపులతో బాల్టిక్ నుంచి నల్లసముద్రం దాకా సోవియట్ యూనియన్‌పై ఒకేసారి విరుచుకుపడింది. చలికాలం వచ్చేలోపే పని ముగుస్తుందన్న ధీమాతో సైనికులకు చలి దుస్తులు కూడా చాలినన్ని అందించలేదు. డిసెంబరు 5న మొదలైన సోవియట్ ఎదురుదాడి, మాస్కో ముందు సోవియట్ సేనాని జూకోవ్ నడిపిన పోరు ఆ ధీమాను తుడిచిపెట్టాయి. మరుసటి వేసవిలో జర్మనీ పెద్ద ఎత్తున దాడి చేయగలిగింది దక్షిణ దిక్కున మాత్రమే, అదీ కాకసస్ చమురు కోసం. పైగా డిసెంబరు 19న హిట్లర్ సైన్యాధిపతి బ్రౌచిచ్‌ను తప్పించి సైన్యాధిపత్యాన్ని స్వయంగా చేపట్టాడు. ఆ నిర్ణయానికి మూల్యం ఏడాది తర్వాత వోల్గా నది ఒడ్డున, స్టాలిన్‌గ్రాడ్‌లో, చెల్లించవలసి వచ్చింది.

నదీతీరం:
మాస్కో ప్రాధాన్యాన్ని కాదనలేను. అయితే అక్కడ జర్మన్ సేన వెనక్కి తగ్గింది గాని నాశనం కాలేదు. స్టాలిన్‌గ్రాడ్‌లో ఒక జర్మన్ సైన్యం మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది. చుయికోవ్ నాయకత్వంలోని సోవియట్ 62వ సైన్యం నగరంలో ఒక్కో కర్మాగారానికీ, ఒక్కో మెట్ల వరుసకూ పోరాడింది. జర్మన్ విమానాలు తమవాళ్ల మీదే బాంబులు పడతాయని వెనకాడేలా, అతడు తన సైనికులను శత్రువు కందకాలకు అతి సమీపంలో నిలిపాడు. మందుగుండు, కొత్త దళాలు రాత్రివేళ వోల్గా దాటి వచ్చేవి.

నగరంలో ఈ పోరు సాగుతుండగానే జూకోవ్, మరో సోవియట్ సేనాని వసిలేవ్‌స్కీ జర్మన్ల పార్శ్వాల్లో బలగాలను కూడగట్టారు. ట్యాంకులను ఎదుర్కొనే ఫిరంగులు తగినన్ని లేని, జర్మనీ పక్షాన ఉన్న రుమేనియా సైన్యాలు కాపలా ఉన్న చోటు చూసుకుని 1942 నవంబరు 19న దెబ్బకొట్టారు. 23వ తేదీకి కలాచ్ దగ్గర వలయం మూసుకుపోయింది. లోపల చిక్కుకున్న జర్మన్ 6వ సైన్యానికి విమానాల ద్వారా సరుకులు చేరవేస్తానని వైమానిక దళాధిపతి గోరింగ్ హామీ ఇచ్చాడు. రోజుకు 500 టన్నులు కావలసిన చోట సగటున అందినది 100 టన్నులకు కాస్త అటూ ఇటూ మాత్రమే. డిసెంబరులో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ పంపిన సహాయ దళం దాదాపు 50 కిలోమీటర్ల దూరం వరకు వచ్చి ఆగిపోయింది. జనవరి 30న హిట్లర్ 6వ సైన్యాన్ని నడిపిన పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్ చేశాడు, ఆ హోదాలోని మనిషి ప్రాణం తీసుకుంటాడే గాని పట్టుబడడని ఆశించాడు. పౌలస్ మర్నాడే లొంగిపోయాడు. బందీలైన సుమారు 91,000 మందిలో స్వదేశం చేరినవారు 6,000కు మించరు. ఆకలితో, టైఫస్‌తో పోయిన ఆ ప్రాణాలను చూస్తే, ఒక్క మనిషి మొండిపట్టు ఎంతమందిని బలితీసుకోగలదో తెలిసి మనసు కలతపడుతుంది.

నీలికెరటం:
చర్చ అంతా ఐరోపా చుట్టూనే తిరుగుతోంది గనుక పసిఫిక్ గురించి చెబుతాను. మిడ్‌వే విజయానికి పునాది హవాయిలో అమెరికా నౌకాదళ అధికారి రోష్‌ఫోర్ట్ బృందం జపాన్ సంకేత లిపిని ఛేదించడంలో ఉంది. జపాన్ సంకేతాల్లో దాడి లక్ష్యంగా కనిపించిన 'ఏఎఫ్' అంటే మిడ్‌వేయేనా అని తేల్చుకోవడానికి, అక్కడ మంచినీటి కొరత ఉందని మామూలు భాషలోనే ఒక సందేశం పంపించారు; 'ఏఎఫ్'లో నీటి కొరత ఉందని జపాన్ వర్గాలు తమ సంకేతాల్లో చెప్పుకోగానే సందేహం తీరిపోయింది. అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతి నిమిట్జ్ ఆ సమాచారాన్ని నమ్మి తన విమానవాహక నౌకలను ముందుగానే మాటువేయించాడు.

జూన్ 4 ఉదయం తక్కువ ఎత్తున వచ్చిన అమెరికన్ టార్పెడో విమానాలు దారుణంగా నష్టపోయాయి. హార్నెట్ నుంచి వెళ్లిన దళంలోని 15 విమానాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. శత్రువు జాడ దొరకని మెక్లస్కీ, అమెరికన్ డైవ్ బాంబర్ విమానాలను నడిపిస్తూ, ఇంధనం తరిగిపోతున్నా వెతుకులాట మానలేదు. ఒంటరిగా వేగంగా పోతున్న జపాన్ డిస్ట్రాయర్ అరాషీ కంటపడగానే, అది ప్రధాన దళాన్ని కలుసుకోబోతోందని ఊహించి దాని దిశను పట్టుకున్నాడు. పదిన్నరలోపే జపాన్ విమానవాహక నౌకలు అకాగీ, కాగా, సోర్యు బాంబుల దెబ్బకు మంటల్లో చిక్కుకున్నాయి, సాయంత్రానికి హిర్యు వంతు వచ్చింది. అమెరికా తన విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను పోగొట్టుకున్నా కొత్త నౌకలను త్వరత్వరగా కట్టుకోగలిగింది. ఆ వేగం జపాన్‌కు అందలేదు.

తూర్పుగాలి:
ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. మరి ఎల్ అలమైన్, కుర్స్క్‌లకు మీ లెక్కలో చోటు లేదా?

పాతఅట్లాసు:
రెండింటికీ ఉంది. 1943 జూలై 5న రష్యాలోని కుర్స్క్‌లో జర్మనీ మొదలుపెట్టిన దాడి వారం తిరిగేసరికి ఆగిపోయాక, తూర్పు రంగంలో జర్మనీ మళ్లీ అంతటి వేసవి దాడికి పూనుకోలేకపోయింది. ఇక ఎల్ అలమైన్‌లో తలపడిన సేనలు తూర్పు రంగంతో పోలిస్తే చిన్నవే. కానీ ఓడిన నాలుగు రోజులకే, నవంబరు 8న, మిత్రరాజ్యాల సేనలు మొరాకో, అల్జీరియా తీరాల్లో దిగడంతో రోమెల్‌కు రెండు వైపులా శత్రువే అయ్యాడు. హిట్లర్ అప్పుడైనా ఆఫ్రికాను వదులుకోకుండా ట్యునీషియాకు ఇంకా సైన్యాన్ని తరలించాడు. 1943 మేలో అక్కడ లొంగిపోయిన జర్మన్, ఇటాలియన్ సైనికులు రెండు లక్షలకు పైనే. స్టాలిన్‌గ్రాడ్‌లో బందీలైనవారికంటే ఆ సంఖ్య పెద్దది.