శాన్ ఆంటోనియోలో కారుకి ఎమిషన్ టెస్ట్, సిటీ వాళ్లని అడిగితే ఆగుతుందా?

కొత్తకాపురం_210:
డాలస్ నుంచి ఇక్కడికి మారాం. అక్కడ ఏటా రిజిస్ట్రేషన్‌కి ముందు ఎమిషన్ టెస్ట్ ఉండేది, ఇక్కడ లేదని సంతోషపడ్డాం. ఇప్పుడేమో ఇక్కడా వస్తోందంటున్నారు. 2025 నుంచి టెక్సస్‌లో ఇన్‌స్పెక్షనే తీసేశారు కదా? మాది 2014 కామ్రీ, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అదీ టెన్షన్. సిటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఏమైనా లాభం ఉంటుందా?

పాతకాపు:
తీసేసింది బ్రేకులూ లైట్లూ చూసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ అండీ (దాని ఫీజు ఏడున్నర డాలర్లు మాత్రం రిజిస్ట్రేషన్‌లో కలిపి ఇంకా లాగుతూనే ఉన్నారు). ఎమిషన్ టెస్ట్ సంగతి వేరు. మన శాన్ ఆంటోనియో ఉన్న బెక్సర్ కౌంటీలో 2026 నవంబర్ 1 నుంచి అని టీసీఈక్యూ (టెక్సస్ రాష్ట్ర పర్యావరణ శాఖ) రూల్ పెట్టింది. రెండేళ్ల నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోల్ బండ్లన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి మీ కామ్రీకి తప్పదు. ఎలక్ట్రిక్, డీజిల్, మోటార్‌సైకిళ్లకి అక్కర్లేదు.

సిటీకి ఫోన్ చేసి లాభం లేదు, ఇది వాళ్ల చేతిలో లేదు. ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) 2015లో ఓజోన్ (బండ్ల, ఫ్యాక్టరీల పొగ ఎండలో మారి నేల దగ్గర తయారయ్యే కాలుష్యం) పరిమితిని 70 పీపీబీకి, అంటే వంద కోట్ల భాగాల గాలిలో 70 భాగాలకి దించింది, 2018లో బెక్సర్ కౌంటీ ఆ గీత దాటిందని 'నాన్‌అటైన్‌మెంట్' (ప్రమాణం అందుకోని ప్రాంతాల) జాబితాలో అన్నిటికన్నా కింది మెట్టు 'మార్జినల్'లో పెట్టింది, గడువులోపు తగ్గకపోయేసరికి 2022లో 'మోడరేట్' చేసింది. ఇంత పెద్ద ఊరు ఆ మెట్టు ఎక్కిందంటే కార్ల టెస్ట్ పెట్టి తీరాలని ఫెడరల్ చట్టమే చెబుతుంది. 2024లో 'సీరియస్' కూడా అయింది, అదీ గవర్నరే అడిగి మరీ మార్పించుకున్నారు, గడువు 2027 దాకా జరుగుతుందని.

గాలిపటం:
మెక్సికో నుంచి కొట్టుకొచ్చే పొగకి మనమెందుకు డబ్బులు కట్టాలి?

పాతకాపు:
రాష్ట్రం కూడా అదే వాదన పెట్టింది, ఈపీఏ ఒప్పుకోలేదు. బయటి నుంచి కొంత వస్తుంది నిజమే, అలాగని మన వాటా మాయమైపోదు కదా. లెక్క కట్టే పద్ధతి కూడా చూడండి: గాలిని కొలిచే ప్రతి మానిటర్ దగ్గర ఏడాదిలో నాలుగో అత్యధిక రోజు ఓజోన్ విలువ తీసుకుని, మూడేళ్ల సగటు చూస్తారు. గాలి కదలని నాలుగైదు ఎండ రోజులు చాలు, ఊరు మొత్తానికి చెడ్డ మార్కు పడటానికి.

సిటీ ఊరికే కూర్చుందని కాదు. 14,000 పౌండ్లు దాటిన బండ్లు ఐదు నిమిషాలకి మించి ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడకూడదని 2016లో ఆర్డినెన్స్ తెచ్చారు. దాని మీద ఫైన్ పడ్డవాళ్లని నేనైతే చూడలేదు. అసలు పని సీపీఎస్ ఎనర్జీ దగ్గర జరిగింది, అది సిటీ సొంత కరెంటు కంపెనీ: డీలీ బొగ్గు ప్లాంట్‌ని 2018 చివర్లో మూసేశారు, స్ప్రూస్ అనే ఇంకో బొగ్గు ప్లాంట్‌లో ఒక యూనిట్‌ని 2028కల్లా ఆపి రెండోదాన్ని గ్యాస్‌కి మార్చాలని 2023లో తీర్మానించారు. నా మటుకు నాకు, వంద ఆర్డినెన్సుల కన్నా అదొక్కటి ఎక్కువ.

స్పానర్:
కామ్రీ గురించి నేను చెప్తా. టెస్ట్ అంటే సైలెన్సర్‌లో గొట్టం పెట్టడం కాదు, స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్ట్‌కి (బండి కంప్యూటర్‌ని చదివే ప్లగ్) కేబుల్ తగిలించి కంప్యూటర్‌ని చదువుతారు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఉంటే ఫెయిల్. ముందు రోజు ఎర్రర్ కోడ్ చెరిపేసి వెళ్దామనుకోకండి, బ్యాటరీ పీకి మళ్లీ పెట్టినా అంతే, లోపలి మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే చెకింగ్‌లు) 'రెడీ' కాలేదని తిప్పి పంపుతారు. అవి రెడీ అవ్వాలంటే కొన్ని రోజులు హైవే మీదా ఊళ్లోనూ తిప్పాలి. ముందు పెట్రోల్ మూత క్లిక్ అని శబ్దం వచ్చేదాకా బిగించి చూడండి, లైట్ వచ్చీ పోతుంటే చాలాసార్లు అదే. అప్పటికీ పోకపోతే కోడ్ చదివించండి.

కొత్తకాపురం_210:
థాంక్స్ అన్నా. న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో ఇల్లు చూస్తున్నాం, అక్కడికి మారితే?

పాతకాపు:
అది ఎక్కువగా కోమల్ కౌంటీ, కొంత గ్వాడలూప్ కౌంటీ, రెండూ ఈ టెస్ట్ లిస్టులో లేవు. బండి ఏ కౌంటీలో రిజిస్టరైందో అదే లెక్క. షెర్ట్జ్ వైపు చూస్తే మాత్రం జాగ్రత్త, ఆ ఊరు బెక్సర్‌తో కలిపి మూడు కౌంటీల్లో ఉంది, ఇంటి అడ్రస్ ఏ కౌంటీలోకి వస్తుందో ముందే కనుక్కోండి.