పెద్ద మోడల్ విమానం ఎలిరాన్ లింకేజీ: సర్వో ఆర్మ్ ఎంత పొడవుండాలి?

ప్రశ్న (యలహంక సభ్యుడు):
50 సీసీ పెట్రోల్ ఇంజన్, 2.2 మీటర్ల రెక్కలున్న స్పోర్ట్ మోడల్ ఒకటి సిద్ధం చేస్తున్నాను. ఒక్కో ఎలిరాన్‌కు (రెక్క వెనుక అంచున కదిలే పలకకు) 20 కేజీ-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) ఉన్న సర్వో (దాన్ని కదిలించే చిన్న మోటారు) ఒకటి. సర్వో ఆర్మ్ (సర్వోపై తిరిగే చేయి) 38 మి.మీ., దానికి పుష్‌రాడ్ అనే కడ్డీతో కలిపిన కంట్రోల్ హార్న్ (ఎలిరాన్‌కు బిగించిన కొమ్ము) 25 మి.మీ. ఎలిరాన్ 20 డిగ్రీలు కదిలితే చాలు కనుక ట్రాన్స్‌మిటర్‌లో ట్రావెల్ (సర్వో తిరిగే పరిధి) 30 శాతానికి తగ్గించాను. అయితే సర్వో ఆన్‌లో ఉన్నప్పుడు కూడా ఎలిరాన్ వెనుక అంచును వేలితో కదిపితే రెండు మిల్లీమీటర్లకు పైగా ఆడుతోంది. ఇంతకంటే ఖరీదైన సర్వో కొనాలా?

జవాబు 1 (జక్కూరు సభ్యుడు):
సర్వో మార్చనక్కరలేదండీ, ఆర్మ్, హార్న్‌ల నిష్పత్తి తారుమారైంది. సర్వో గేర్లలో ఒక డిగ్రీ వదులు ఉందనుకుందాం. మీ అమరికలో అది ఎలిరాన్ దగ్గర ఒకటిన్నర డిగ్రీలవుతుంది, ఎలిరాన్ వెడల్పు 100 మి.మీ. అయితే వెనుక అంచు 2.6 మి.మీ. ఆడుతుంది. ఆర్మ్ 19 మి.మీ., హార్న్ 38 మి.మీ. పెడితే అదే వదులు అర డిగ్రీకి, అంటే అంచు దగ్గర ఒక మిల్లీమీటరు లోపుకు దిగుతుంది. పైగా ఇప్పుడు ఎలిరాన్‌కు అందుతున్న టార్క్ సుమారు 13 కేజీ-సెం.మీ. మాత్రమే, అప్పుడు 40 అందుతుంది. సర్వో ఇరువైపులా 45 డిగ్రీలు తిరిగితే ఎలిరాన్ దాదాపు 20 డిగ్రీలే కదులుతుంది కాబట్టి ట్రావెల్ తగ్గించే పనే ఉండదు, స్టిక్ సూక్ష్మ కదలికలూ నష్టపోవు. వేగంలో ఫ్లటర్ (గాలికి ఎలిరాన్ విపరీతంగా కొట్టుకోవడం) మొదలైతే ఎలిరాన్ క్షణాల్లో ఊడిపోవచ్చు. దానికి దారితీసే ముఖ్య కారణాల్లో ఈ వదులు ఒకటి. కనుక ఇది సరిచేయకుండా దయచేసి ఎగరేయకండి.

యలహంక సభ్యుడు:
మార్చాను, వదులు బాగా తగ్గింది. కానీ ఎలిరాన్ పైకి కదిలినంత కిందికి కదలడం లేదు. సబ్‌ట్రిమ్‌తో (ట్రాన్స్‌మిటర్‌లో సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగుతో) సరిచేయవచ్చా?

జవాబు 2 (కనకపుర రోడ్డు సభ్యుడు):
సబ్‌ట్రిమ్‌ను చివరి చిన్న సర్దుబాటుకే ఉంచండి. ముందు స్టిక్ మధ్యలో ఉండగా ఆర్మ్ పుష్‌రాడ్‌కు 90 డిగ్రీలలో ఉందో లేదో చూసి, లేకపోతే ఆర్మ్ విప్పి, సర్వో ఇరుసు పళ్లపై ఒక పన్ను జరిపి బిగించండి. తరువాత పక్కనుంచి చూడండి: హార్న్ రంధ్రం హింజ్ లైన్‌కు (ఎలిరాన్ మడిచే కీళ్ల గీతకు) సరిగ్గా ఎదురుగా ఉండాలి. అది కాస్త ముందుకో వెనక్కో జరిగినా పై కదలికకూ కింది కదలికకూ తేడా వచ్చేస్తుంది. చాలా సందర్భాల్లో అసలు కారణం ఇదే.

పుష్‌రాడ్ రెండు చివర్లా బాల్ లింకులు (గుండ్రటి బంతి కీళ్లు) పెట్టి, బోల్టులు అవతలికి పోనిచ్చి నైలాక్ నట్లతో (నైలాన్ వలయం వల్ల వదులుకాని నట్లతో) బిగించండి. ఎం3 (3 మి.మీ.) బోల్టులు బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. పెట్రోల్ ఇంజన్ వణుకుకు మరలు వదులవుతాయి కాబట్టి లోహంలోకి లోహం దిగే ప్రతిచోటా థ్రెడ్‌లాక్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వేయండి, ప్లాస్టిక్ బాల్ లింకుకు మాత్రం తగలనీయకండి. చివరగా స్టిక్‌ను రెండు కొసలకూ నెట్టి ఆపి వినండి; సర్వో గుర్రుమంటూ ఉంటే ఎక్కడో ఏదో తగులుతున్నట్లు, అది తొలగించాకే రెక్క బిగించండి.