ఆర్మీ వేలం జిప్సీ కొన్నాను, క్యాంపింగ్‌కి రెడీ చేయాలి. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

బీచ్‌రోడ్_బండోడు
అన్నలూ, చాలా రోజులు వెతికి ఆర్మీ జిప్సీ (మారుతీ వాళ్ల జీపు) ఒకటి పట్టాను. 2006 మోడల్, సాఫ్ట్ టాప్, ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లేది). పాత ఓనర్ వేలంలో తీసుకుని, సివిల్ రిజిస్ట్రేషన్ చేయించి, ఇసుక రంగు వేయించి వాడాడు. వెనక ఎదురెదురు బెంచీలు, గుడ్డ టాప్ తీసేస్తే అచ్చం పికప్ తొట్టే.

ఉండేది వైజాగ్. వంజంగి, లంబసింగి, మారేడుమిల్లి వైపు నెలకోసారి పోయి ఒక రాత్రి పడుకుని రావాలని కోరిక. బురదలో పందేలు కాదు. మట్టిరోడ్డు, చిన్న వాగు, అంతే.

అనుకున్నవి: రూఫ్ టెంట్ (బండి పైకప్పు మీద పరిచేది), 235/75 ఆర్15 టైర్లు, రెండంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), చిన్న ఫ్రిజ్, వించ్ (ఇరుక్కుంటే బండిని లాగే మోటారు చక్రం). మళ్లీ ఆలివ్ గ్రీన్ కొట్టిస్తే లుక్ అదిరిపోతుంది. చేతిలో లక్షన్నర ఉంది. ఏది ముందు?

ఆటోనగర్_అబ్బాయి
రూఫ్ టెంట్ అంటున్నావు, రూఫ్ ఏది తమ్ముడూ? నీ బండికి ఉన్నది గుడ్డ, దాన్ని మోసే నాలుగు పైపులు. టెంటే 50 కిలోల పైన ఉంటుంది. దానికోసం ఇనుప పైపుల కేజ్ కట్టించాలి, ఆ ఇనుము బరువు వేరే. జిప్సీ మొత్తం కలిపితేనే టన్నుకి అటూ ఇటూ. అంత బరువు నెత్తిన పెట్టుకుని పాడేరు ఘాట్ మలుపులు తిప్పావంటే ఇక టెంట్ జోలికి పోవు.

ముందు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కిందకి దూరు. వెనక కమాను కట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బాడీ మౌంట్ల దగ్గర, మ్యాట్ ఎత్తి కాళ్ల కింద రేకు మీద పొడిచి చూడు. టంగ్‌మంటే ఇనుము. చప్పుడు లేకుండా దిగబడితే పుట్టీ, పెయింటు. సముద్రం పక్కన తిరిగిన బండికి అది ఖాయం.

60 దాటగానే స్టీరింగ్ వణుకుతోందా? జనం వీల్ బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయిస్తూనే ఉంటారు. ముందు చక్రం జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడిందంటే కింగ్‌పిన్ బేరింగో (ముందు చక్రం మలుపు తిరిగే చోట ఉండేది), వీల్ బేరింగో పోయినట్టు. లిఫ్ట్ సంగతి ఆ తర్వాత.

ఫైలు_నంబర్_ఎంత
ఆలివ్ గ్రీన్ మాట మర్చిపోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూల్ ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బళ్లకే. సెక్షన్ 52 కూడా ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అంటే విప్పి పక్కన పెట్టగలిగే సామాను మీద డబ్బు పెట్టడం మేలు. వెల్డింగ్ కొట్టించినవి ఆర్టీఓ దగ్గర ఫిట్‌నెస్ తనిఖీ రోజున టెన్షన్.

ఇంకో పని ఈరోజే చేయండి. ఛాసిస్ నంబర్ మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అంకెల్ని ఆర్‌సీతో ఒక్కొక్కటీ కలిపి చూడండి. నేను కొన్నదానికి ఒక అంకె తేడా వచ్చింది. గుమాస్తా టైపింగ్ తప్పే, కానీ సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాను.

జోంగా_మేనల్లుడు
ఇది చదువుతుంటే మా మామయ్య గుర్తొచ్చాడు. ఆర్మీలో జోంగా నడిపేవాడు. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ లైసెన్సుతో చేసిన బండి, 4 లీటర్ల పెట్రోల్ ఇంజన్. "అది తాగే పెట్రోలుకి ఊరంతా కాఫీ తాగొచ్చు" అనేవాడు. జిప్సీ కొన్నావు, బతికిపోయావు.

కొలరాడో_కోనసీమ
నాది వేరే దేశం కథ. 1984 షెవర్లే ఎం1008, అమెరికా ఆర్మీ పికప్, 6.2 లీటర్ల డీజిల్ వీ8. దీంట్లో స్టార్టర్ 24 వోల్టులు, లైట్లు 12. రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. కొన్న కొత్తలో వెనక బ్యాటరీ ప్లస్ నుంచి బాడీకి కలిపి ఎల్ఈడీ పట్టీ వెలిగించాను. వెలిగింది, ఒక్క క్షణం. అక్కడ వచ్చేది 24 అని తర్వాత తెలిసింది. మీది 12 వోల్టుల బండే కాబట్టి ఆ బాధ లేదు. అయినా ఫ్రిజ్‌ని బండి బ్యాటరీ మీద మాత్రం నడపకండి, తెల్లారి కొండమీద తోసుకోవాల్సి వస్తుంది. దానికి విడిగా బ్యాటరీ పెట్టండి.

నేనూ పైన టెంట్ వేసి తీసేశాను. ఇప్పుడు తొట్టిలో ప్లైవుడ్ బల్ల, కింద డబ్బాలు, పైన పరుపు. మా ఆవిడ రావడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఎర్రమట్టి
టైర్లు 215/75 చాలు. కంపెనీ ఇచ్చిన 205/70 టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు, 235/75 ది 733. దాదాపు 10 శాతం తేడా. మీటర్ 60 చూపిస్తే నువ్వు 66లో ఉంటావు. ఉన్నదే 80 హార్స్‌పవర్, ఘాట్‌లో రెండో గేరు వదలదు.

పెన్నా_ఇసుక
ఎర్రమట్టి గారి లెక్క కరెక్టే. నేను మాత్రం మూడేళ్లుగా 235 మీదే ఉన్నా, లిఫ్ట్ ఉంది కాబట్టి టైరు బాడీకి రుద్దదు. పికప్ తగ్గింది, ఒప్పుకుంటా. కానీ ఇసుకలో కాపాడేది సైజు కాదు, గాలి. గండికోట దగ్గర ఏటి ఇసుకలో ఇరుక్కున్నాం. నాది పాత కార్బురేటర్ బండి, ఫోర్ వీల్ పనిచేయాలంటే దిగి, ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్బుల్ని చేత్తో తిప్పి లాక్ చేయాలి. ఫోర్ వీల్ లివర్ వేసి, హబ్బుల సంగతి మర్చిపోయి అరగంట తవ్వాం! బావమరిది వచ్చి చక్రం వైపు వేలు చూపించాడు. హబ్బులు తిప్పి, గాలి 18 పీఎస్ఐకి దింపితే రెండో ప్రయత్నంలో బయటపడింది. అంతా అయ్యాక చూస్తే పంపు ఇంట్లో ఉంది. తారురోడ్డు మీద ఆ గాలితోనే పాకుతూ వచ్చాం. వించ్ డబ్బుతో మంచి పంపు, తాడు, రెండు పారలు కొను. తాడు మాత్రం ఛాసిస్ హుక్‌కే కట్టు, బంపర్‌కి కాదు.

బీచ్‌రోడ్_బండోడు
మూడు వారాల తర్వాత వస్తున్నా. స్క్రూడ్రైవర్ ఎడమ వెనక బ్రాకెట్‌లోకి పిడి దాకా దిగింది. అబ్బాయి అన్నా, నీకు దండం. కట్ చేసి కొత్త ప్లేటు వేయించాను. కింగ్‌పిన్ బేరింగులు, పెట్రోల్ రబ్బరు పైపులన్నీ మార్చాను, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాతవి ఉబ్బి పగిలిపోయాయి. లక్షన్నరలో సగం పైన అక్కడే పోయింది. లిఫ్ట్, వించ్ క్యాన్సిల్. టైర్లు 215.

నిన్న లంబసింగిలో పడుకున్నాం. నేల టెంట్, బండి వెనక నుంచి టార్పాలిన్. రాత్రంతా మంచు టాప్ కుట్ల గుండా కారి, బెంచీ మీద పెట్టిన బియ్యం సంచి తడిసింది. ఆ కుట్లకి ఏం పూయాలో చెప్పండి.

ఒక్కటి. తుప్పు గీకుతుంటే ముందు చక్రం పైన ఇసుక రంగు కింద తెల్ల అక్షరాలు బయటపడ్డాయి: టీపీ, పక్కన అంకె, పీఎస్ఐ. ఎవరో జవాను టైర్ గాలి ఎంత కొట్టాలో రాసిపెట్టాడు. అంకె సగం చెరిగిపోయింది, 2 మాత్రం కనబడుతోంది. ఆ ముక్క వరకు రంగు వేయొద్దని పెయింటర్‌కి చెప్పాను.

ఆటోనగర్_అబ్బాయి
కుట్లకి మైనం రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించు. బియ్యం ఎండబెట్టావా లేదా?