ముఖమే కనిపించని డాక్యుమెంటరీకి ‘ప్రాతినిధ్యం’ మార్కులు ఎలా వేయాలి?

ప్రశ్న

మా ఫిల్మ్ క్లబ్‌లో నెలకో డాక్యుమెంటరీ వేసి, చూసినవాళ్లతో ఒక ఫారం నింపిస్తాం. అందులో ‘వైవిధ్యం, ప్రాతినిధ్యం’ అని పది మార్కుల గడి ఉంది. ఆ ఫారం తయారుచేసింది నేనే. ఆడవాళ్లు ఎంతమంది మాట్లాడారు, ఏ వర్గాలవాళ్లు కనిపించారు, ఏ భాషలు వినిపించాయి అని లెక్కపెట్టి మార్కులు వేసేవాళ్లం. ఇంటర్వ్యూలతో నడిచే డాక్యుమెంటరీలకు ఇబ్బంది రాలేదు.

పోయిన ఆదివారం పాయల్ కపాడియా తీసిన ‘ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్’ (2021) వేశాం. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే ‘ఎల్’ అనే అమ్మాయి, తను ప్రేమించిన ‘కె’కి రాసిన ఉత్తరాలు వినిపిస్తుంటాయి. కులం తేడా అని అతని ఇంట్లోవాళ్లు అడ్డుపడ్డారు. తెర మీద మాత్రం హాస్టల్ గదులు, డాన్సులు, 2015లో అక్కడి విద్యార్థులు 139 రోజులు చేసిన సమ్మె. పైగా ఎల్ కల్పిత పాత్ర. లేని మనిషిని ఎలా లెక్కపెట్టాలి?

ఒకరు 9 వేశారు, ఒకరు 3. నేను 8 వేశాను. ఇంటికొచ్చాక, ఎందుకు వేశావని అడిగితే చెప్పలేననిపించింది. అప్పటినుంచి అదే మనసులో తిరుగుతోంది.

జవాబు: ఎడిటింగ్ పని చేసే ఒకరు

లెక్క పక్కన పెట్టండి. వియత్నాంలో పుట్టిన దర్శకురాలు ట్రిన్ టి. మిన్-హా 1982లో ‘రీఅసెంబ్లేజ్’ తీశారు, ఆఫ్రికాలోని సెనెగల్ పల్లెల్లో. తెర నిండా అక్కడి ఆడవాళ్లే. మీ ఫారంలో పదికి పది వచ్చేస్తాయి. కానీ వీళ్ల గురించి చెప్పడానికి నేనెవరిని అన్నదే ఆవిడ బాధ. అందుకే సౌండ్ మధ్యలో తెగిపోతుంది, అన్న మాటే మళ్లీ వస్తుంది. మాకు ఎడిటింగ్‌లో సౌండ్ తెగితే తప్పు కింద లెక్క. అక్కడ ఆ తెగడంలోనే ఆవిడ జవాబు ఉంది.

పాయల్ కపాడియా విషయంలో ఇంకొకటి చూడాలి. ఆ సమ్మె కేసులో ఛార్జిషీటు పడిన 35 మంది విద్యార్థుల్లో ఆవిడ ఒకరు. సమ్మె గురించి బయటినుంచి వచ్చి తీసింది కాదు. కులం విషయానికి వస్తే ఆవిడ ఎక్కడ నిలబడి తీసింది అన్నది వేరే ప్రశ్న. ఒకే సినిమాలో రెండూ ఉంటాయి, రెండూ కలిపి ఒక అంకె రాదు.

జవాబు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివిన ఒకరు

మా యూనివర్సిటీలో దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయిన 2016 జనవరి 17న నేను క్యాంపస్‌లోనే ఉన్నాను. ఈ సినిమాలో ఆ నిరసనలు కూడా వస్తాయి. ఆ గొంతులు వినగానే కాళ్లూచేతులూ ఆడలేదు. ఎవరో మమ్మల్ని గుర్తుపెట్టుకున్నారనిపించింది, అది చిన్న విషయం కాదండి.

అయినా నాకో వెలితి ఉంది. ఎల్ ఉత్తరాలన్నీ కె కోసమే. కులం ఆమెకు ప్రేమను అడ్డుకున్న గోడలా వస్తుంది. నాలాంటి అమ్మాయికి అది ప్రేమకంటే చాలా ముందే మొదలవుతుంది, స్కాలర్‌షిప్ ఫారం దగ్గర, మెస్‌లో పక్కన కూర్చునేవాళ్ల దగ్గర. ఎల్ వాళ్లమ్మకి ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఏం రాసేదా అని రాత్రంతా ఆలోచించాను. మా క్యాంపస్‌కి తెలిసిన ఉత్తరం ఇంకొకటి, రోహిత్ చివరిగా రాసింది. అది రాసినవాడు కల్పిత పాత్ర కాదు.

నన్నడిగితే ఆ గడిలో అంకె కాదు, ‘ఈ గొంతు ఎవరితో మాట్లాడుతోంది, ఎవరితో మాట్లాడటం లేదు’ అని రాయించండి.

ప్రశ్న అడిగినవారు

అమ్మకి ఉత్తరం అన్న మాట దగ్గర ఆగిపోయానండి. నేను 8 వేసింది ఆమె గొంతు బాగుందని మాత్రమే అని ఇప్పుడు అర్థమైంది. ఆ అంకె కొట్టేశాను. గడి తీసేసి మీ ప్రశ్న పెట్టాను, కింద అరపేజీ ఖాళీ వదిలాను.

వచ్చే నెల ‘రీఅసెంబ్లేజ్’ వేస్తాం. 40 నిమిషాలే కాబట్టి రెండుసార్లు, మొదట మామూలుగా, తర్వాత సౌండ్ మొత్తం తీసేసి. మీరిద్దరూ హైదరాబాద్‌లో ఉంటే తప్పకుండా రండి.