అణు జలాంతర్గామికి అణుశక్తి ఎందుకు? పదో తరగతి పాఠం కోసం కొన్ని సందేహాలు

ప్రశ్న: భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, అనకాపల్లి జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా పదో తరగతి పిల్లలను విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు తీసుకువెళ్తున్నాం. దానికి ముందుగా ఒక పాఠం చెప్పాలనుకుని, తమకు తెలిసినది రాసుకురమ్మని పిల్లలకు చెప్పాను. సగానికి పైగా పిల్లలు ‘అణు జలాంతర్గామి అంటే అణుబాంబులు మోసుకెళ్ళే జలాంతర్గామి’ అని రాశారు. అది సరికాదని నాకు తెలుసు. అయితే అణుశక్తితో నడవడం వల్ల అసలు ఏమి మారుతుందో, నూనెతో నడిచే దానికంటే ఎందులో మేలో, పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలిగేంత స్పష్టత నాకే లేదు. పొరుగు దేశాల నౌకాబలంతో పోల్చి చెప్పేటప్పుడు పత్రికలన్నీ ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్కతోనే ఆగిపోతున్నాయి. ఆ లెక్క సరిపోతుందా? మరొక విషయం కూడా అడగాలి. మా జిల్లాలోని రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం వస్తున్నందువల్ల, రేవులో నిలిపి ఉంచిన నౌకలోని రియాక్టర్ వల్ల ప్రమాదం ఉంటుందా అని పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత నౌకాదళ ఉద్యోగి, విశాఖపట్నం

టీచరు గారికి నమస్కారం. నేను డీజిల్ జలాంతర్గాముల ఇంజన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అణు నౌకలో పనిచేయలేదు కాబట్టి, దాని గురించి అందరికీ తెలిసిన శాస్త్రం మాత్రమే రాస్తాను.

పాఠాన్ని కురుసుర లోపలి నుంచే మొదలుపెట్టండి. అది సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి నౌక. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాల అయింది. లోపల నడుస్తున్నప్పుడు పిల్లలకు మూడు పెద్ద డీజిల్ ఇంజన్లు, వాటి వెనుక విద్యుత్ మోటార్లు కనిపిస్తాయి. బ్యాటరీలు మాత్రం కాళ్ళ కింద, నేల అడుగున ఉంటాయి. ఒకే నౌకకు ఇంజన్లూ మోటార్లూ రెండూ ఎందుకని అక్కడే అడగండి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. నీటి అడుగున ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? అందువల్ల మునిగి ఉన్నంతసేపూ బ్యాటరీ మీదనే నడవాలి. అది తగ్గగానే పైకి తేలాలి, లేదా స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటూ ఇంజన్లు నడిపి బ్యాటరీ నింపుకోవాలి. ఆ సమయంలో ఇంజన్ల శబ్దం సముద్రంలో దూరం దాకా వినిపిస్తుంది, గొట్టం రాడార్‌కు చిక్కుతుంది. మేము ఎక్కువగా భయపడే గంటలు అవే.

పిల్లలు తాము చదివిన భౌతికశాస్త్రంతోనే లెక్క కట్టగలిగినది మరొకటి ఉంది. నీటిలో వేగం రెట్టింపు చేయాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. నాలుగు నాట్ల (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో మూడు నాలుగు రోజులు సాగే బ్యాటరీ, పూర్తి వేగం మీద ఒకటి రెండు గంటల్లోనే అయిపోతుంది. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1200 కిలోమీటర్లు, అంటే దాదాపు 650 నాటికల్ మైళ్ళు. పైకి కనిపించకుండా ఐదు నాట్ల వేగంతో వెళ్ళే డీజిల్ నౌకకు ఆ దూరం ఐదు రోజులకు పైగా పడుతుంది, దారిలో ఎన్నోసార్లు గొట్టం చాచవలసి వస్తుంది. మునిగి ఉంటూనే 20 నాట్ల వేగంతో వెళ్ళగల అణు నౌక 33 గంటల్లో చేరుతుంది. ఈ తేడాను బోర్డు మీద వేసి చూపిస్తే పిల్లలు మరిచిపోరు.

అణు నౌకలో మండేది ఏదీ లేదు, అందుకే దానికి గాలితో పని లేదు. రియాక్టర్‌లో యురేనియం కేంద్రకాలు చీలినప్పుడు వచ్చే వేడిని ఎంతో ఒత్తిడిలో ఉంచిన నీరు తీసుకుంటుంది. ఆ ఒత్తిడి వల్ల 300 డిగ్రీల దగ్గర కూడా అది మరగదు. ఆ నీరు ఆవిరి జనకంలోని గొట్టాల గుండా పోతూ, వేరే వలయంలో ఉన్న నీటికి తన వేడిని ఇస్తుంది. రెండు నీళ్ళూ ఎక్కడా కలవవు. రెండో వలయంలో పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ గేర్ల ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, పని అయిపోయిన ఆవిరిని సముద్రపు నీటితో చల్లబరిచి మళ్ళీ నీరుగా మారుస్తారు. థర్మల్ కేంద్రంలో బొగ్గు చేసే పనిని ఇక్కడ యురేనియం చేస్తుందని చెబితే చాలు. ఒక గ్రాము యురేనియం-235 పూర్తిగా చీలితే వచ్చే వేడి సుమారు 1.8 టన్నుల డీజిల్ ఇచ్చే వేడితో సమానం. విద్యుత్తుతో సముద్రపు నీటి నుంచే తాగునీరూ, సిబ్బందికి కావలసిన ఆక్సిజనూ తయారవుతాయి. చివరికి నౌకను ఒడ్డుకు రప్పించేది ఆహార నిల్వలు అయిపోవడం, మనుషులు అలసిపోవడం. అమెరికా నౌక నాటిలస్ 1955 జనవరి 17న తొలిసారి అణుశక్తితో బయలుదేరింది. 1958 ఆగస్టు 3న మంచు కిందుగా ఉత్తర ధ్రువాన్ని దాటింది. గాలి కోసం పైకి రావలసిన నౌకకు అది సాధ్యమయ్యేది కాదు.

జవాబు: అంతర్జాతీయ సంబంధాల అధ్యాపకుడు, హైదరాబాద్

పై వివరణ ఎంతో ఉపయోగకరంగా ఉంది. బలాబలాల సంగతి నేను చెబుతాను.

ముందుగా పిల్లల పొరపాటును సరిచేయడానికి, అణు నౌకల్లో రెండు రకాలున్నాయని చెప్పండి. ఒకటి దాడి నౌక. ఇందులో సాధారణ టార్పెడోలు, క్షిపణులు ఉంటాయి, శత్రు నౌకలను వెంటాడటం దీని పని. రెండోది అణు క్షిపణులను మోస్తూ కనబడకుండా సముద్రంలో తిరిగే నౌక. రష్యా నుంచి లీజుకు తెచ్చుకుని 2012 నుంచి 2021 వరకు మన నౌకాదళం విశాఖ నుంచి నడిపిన చక్ర మొదటి రకం. అది అణుశక్తితో నడిచింది, అణ్వాయుధాలు మోయలేదు. విశాఖలోనే నిర్మించి 2009 జూలై 26న జలప్రవేశం చేయించిన అరిహంత్ రెండో రకం. దానిలోని రియాక్టర్ సామర్థ్యం సుమారు 83 మెగావాట్లని చెబుతారు; దానికి ముందు నమూనా రియాక్టర్‌ను తమిళనాడులోని కల్పాక్కంలో నేల మీద నడిపి పరీక్షించారు. రెండో నౌక అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలో నౌకాదళంలో చేరింది.

ఈ రెండు రకాలను ఒకే వరుసలో లెక్కించడం వల్లనే పత్రికల పోలికలు తప్పుదారి పడుతున్నాయని నా అభిప్రాయం. అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమని 2003లో ప్రకటించిన మన విధానానికి, మొదటి దెబ్బ తిన్న తరువాత కూడా బదులివ్వగల ఆయుధం మిగిలి ఉండటం ప్రాణం. అరిహంత్ ఆ పని కోసమే ఉన్నది కాబట్టి, దానిని మరొక నౌక మీద పోరుకు పంపరు. దాగి ఉండటమే దాని విధి. అక్కడ క్షిపణి ఎంత దూరం వెళ్తుందన్నది నౌకల సంఖ్య కంటే ముఖ్యం. 750 కిలోమీటర్లు వెళ్ళే కె-15 క్షిపణితో నౌక లక్ష్యానికి చాలా దగ్గరగా పోవాలి. 3500 కిలోమీటర్లు వెళ్ళే కె-4 ఉంటే బంగాళాఖాతాన్ని విడిచిపెట్టకుండానే పని చేయవచ్చు.

హిందూ మహాసముద్రంలో చైనా నౌకలు తిరుగుతున్నప్పుడు వాటి కదలికను వెంబడించడానికి కావలసినది మొదటి రకం. చక్ర తిరిగి వెళ్ళినప్పటి నుంచి మనకు ఆ రకం లేదు. రెండు దాడి నౌకలను విశాఖలో నిర్మించడానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గ భద్రతా సంఘం అనుమతి ఇచ్చింది గాని, ఇటువంటి నిర్మాణానికి పదేళ్ళ కాలం పడుతుంది. నా దృష్టిలో మన బలంలోని అసలు లోటు ఇదే, దీని గురించి చర్చ ఇంకా ఎక్కువగా జరగాలి. చైనా అణు నౌకలకూ తమ కష్టాలున్నాయి. హైనాన్ దీవిలోని యూలిన్ స్థావరం నుంచి మన సముద్రంలోకి రావాలంటే మలక్కా, సుండా, లొంబోక్ వంటి ఇరుకైన జలసంధుల గుండా రావాలి. వాటిలో మలక్కా దారికి పడమటి ముఖాన ఉన్న అండమాన్, నికోబార్ దీవుల్లో 2001లో ఏర్పడిన త్రివిధ దళాల కమాండ్ విలువ, తమిళనాడులోని అరక్కోణం నుంచి ఎగురుతూ జలాంతర్గాములను వెదికే పి-8ఐ గస్తీ విమానాల విలువ అక్కడే తెలుస్తుంది. జలాంతర్గామి బలాన్ని జలాంతర్గాములతో మాత్రమే కొలవలేం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి పాకిస్తాన్ సంగతి ఏమిటి? వారి దగ్గర అణు నౌకలు లేవు కదా. అణు నౌక అంత మేలైతే డీజిల్ నౌకలను ఇంకా ఎందుకు కొంటున్నారు?

జవాబు: విశ్రాంత నౌకాదళ ఉద్యోగి, విశాఖపట్నం

ఈ ప్రశ్న అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే నా మొదటి జవాబులో నేను ఒక పక్షమే రాశాను. బ్యాటరీ మీద నెమ్మదిగా వెళ్ళే డీజిల్ నౌక, అణు నౌక కంటే తక్కువ శబ్దం చేస్తుంది. మోటారు తిరగడం తప్ప లోపల కదిలేది దాదాపు ఏమీ ఉండదు. అణు నౌకలో రియాక్టర్‌ను చల్లబరిచే పంపులు, ఆవిరి టర్బైన్లు, వేగాన్ని తగ్గించే గేర్లు ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటాయి. ఆ యంత్రాలను రబ్బరు దిమ్మెల మీద నిలపడం, తక్కువ వేగంలో పంపు లేకుండా వేడి వల్ల నీరు తనంత తానే తిరిగేలా రియాక్టర్‌ను రూపొందించడం వంటి ఉపాయాలతో ఆ చప్పుడును తగ్గిస్తారు. ఆ పనిలో దశాబ్దాల అనుభవం ఉన్న దేశానికీ, కొత్తగా మొదలుపెట్టిన దేశానికీ తేడా చాలా ఉంటుంది.

తీరానికి దగ్గరగా, లోతు తక్కువగా ఉన్నచోట కాచుకుని కూర్చోవడానికి డీజిల్ నౌక ఎంతో తగినది. పాకిస్తాన్‌కు కావలసింది అదే. దాని అగోస్తా నౌకల్లో ద్రవ ఆక్సిజన్‌తో ఇథనాల్‌ను మండించి ఆవిరి టర్బైన్ నడిపే ఏర్పాటు ఉంది. చైనాతో 2015లో ఒప్పందం చేసుకున్న ఎనిమిది హంగోర్ తరగతి నౌకలు కూడా బయటి గాలి అవసరం లేని యంత్రాలతో వస్తున్నాయి. నిల్వ చేసిన ఆక్సిజన్‌తో ఇవి రెండు మూడు వారాలు పైకి రాకుండా ఉండగలవు, కానీ నాలుగైదు నాట్ల వేగంతోనే. కాచుకోగలవు, వెంటాడలేవు.

ఈ రెండు సంగతులకూ 1982 నాటి ఫాక్లండ్స్ యుద్ధం సాక్ష్యం. బ్రిటన్ అణు నౌక కాంకరర్ ఏప్రిల్ తొలివారంలో స్కాట్లాండ్ నుంచి బయలుదేరి, ఆ నెల ముగిసేలోపే భూగోళానికి ఆ చివర ఉన్న సముద్రానికి చేరింది. అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను వెంబడించి మే 2న ముంచివేసింది. 323 మంది నావికులు చనిపోయారు. ఆ తరువాత అర్జెంటీనా పెద్ద నౌకలు తీరం విడిచి రాలేదు. ఒక నౌక ఒక నౌకాదళాన్నే రేవుకు కట్టివేసింది. అయితే అదే యుద్ధంలో అర్జెంటీనా డీజిల్ జలాంతర్గామి సాన్ లూయిస్‌ను బ్రిటిష్ దళాలు ఎంత వెదికినా పట్టుకోలేకపోయాయి. మన ఊరి అనుభవం కూడా పిల్లలకు చెప్పండి. 1971లో పాకిస్తాన్ డీజిల్ నౌక ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుకుతూ కరాచీ నుంచి ద్వీపకల్పం చుట్టి విశాఖ దాకా వచ్చింది. డిసెంబరు 3-4 రాత్రి మునిగిపోయింది గాని, అంత దూరం రాగలిగిందన్నది మరువరాదు.

జవాబు: అణు ఇంజనీరింగ్ చదివిన సభ్యురాలు, కల్పాక్కం

రాంబిల్లి తల్లిదండ్రుల ప్రశ్న మిగిలిపోయింది. రియాక్టర్ బాంబులాగా పేలదు. ఇంధనం అమరిక అందుకు అనుకూలమైనది కాదు. కానీ ‘ఆపివేశాం కాబట్టి ప్రమాదమే లేదు’ అని చెప్పడం నిజం కాదు, ఆ మాట ఎవరికీ చెప్పవద్దు. చీలిక ఆగిన క్షణంలో కూడా, చీలికలో పుట్టిన పదార్థాలు రేడియోధార్మికత వల్ల వేడినిస్తూనే ఉంటాయి. మొదట్లో అది పూర్తి సామర్థ్యంలో సుమారు ఆరేడు శాతం, గంట తరువాత ఒకటిన్నర శాతం లోపు, రోజు గడిచాక దాదాపు అర శాతం. 83 మెగావాట్ల లెక్కన అర శాతమంటే సుమారు 400 కిలోవాట్లు. అంత వేడిని రేవులో ఉన్నా తీసివేస్తూనే ఉండాలి. అందుకే అణు నౌకలు నిలిచే రేవులో ఒడ్డు నుంచి విద్యుత్తు, అది పోతే అందుకునే జనరేటర్లు, చల్లటి నీటి ఏర్పాట్లు, నీటినీ గాలినీ ఎప్పటికప్పుడు పరీక్షించే వ్యవస్థ తప్పనిసరి.

రేవులో జరిగిన పెద్ద ప్రమాదాల్లో ఒకటి 1985 ఆగస్టు 10న సోవియట్ దూర ప్రాచ్యంలో, వ్లాదివొస్తోక్ సమీపాన చజ్మా ఖాతంలో కె-431 అనే నౌకపై జరిగింది. కొత్త ఇంధనం నింపి మూత బిగిస్తున్నప్పుడు మూతను పొరపాటున పైకెత్తడం వల్ల చీలికను అదుపులో ఉంచే నియంత్రణ కడ్డీలు కూడా లేచి, రియాక్టర్ అదుపు తప్పి ఆవిరి పేలుడు సంభవించి, పదిమంది చనిపోయారు. సముద్రంలో తిరిగే రోజుల కంటే ఇంధనం మార్చే రోజుల్లో జాగ్రత్త ఎక్కువ కావాలని అప్పటి నుంచి అందరికీ తెలిసింది. ఈ పనిని తప్పించుకోవడానికే అమెరికా, బ్రిటన్ చీలే యురేనియం-235 పాలు 90 శాతానికి పైగా ఉండేలా శుద్ధి చేసిన యురేనియం వాడి, నౌక జీవితకాలమంతా ఇంధనం మార్చనవసరం లేని రియాక్టర్లు చేసుకున్నాయి. ఫ్రాన్స్ తక్కువ శుద్ధి చేసిన ఇంధనాన్నే వాడుతూ, సుమారు పదేళ్ళకొకసారి మార్చుకునేందుకు వీలుగా నౌక పైభాగంలో ప్రత్యేకమైన ద్వారాలు పెట్టుకుంది.

తల్లిదండ్రులు అడగవలసిన సరైన ప్రశ్న, అత్యవసర సమయంలో చుట్టుపక్కల గ్రామాలకు ఎవరు, ఎలా సమాచారం ఇస్తారన్నది. ఇక్కడ మా కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం చుట్టూ ఉన్న గ్రామాలతో అటువంటి సన్నాహక కసరత్తులు జరుగుతుంటాయి. మీ జిల్లా కలెక్టరు కార్యాలయంలోని విపత్తు నిర్వహణ విభాగానికి ఆ ప్రశ్నను రాతపూర్వకంగా పంపవచ్చు.

ప్రశ్న అడిగినవారు

నా సందేహాలన్నీ తీరాయి. పాఠాన్ని ఇంజన్ గది దగ్గరే, గాలి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నతో మొదలుపెడతాను. పోర్ట్ బ్లెయిర్ లెక్కను పిల్లల చేతనే కట్టిస్తాను. కలెక్టరు గారి కార్యాలయానికి పంపే ఉత్తరాన్ని తల్లిదండ్రులతో కలిసి ఈ శనివారం రాస్తున్నాం. జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.