ఒకే మాత్రకి ఫైల్లో మూడు పేర్లు, దేన్ని అలర్జీ అనాలి?

ప్రశ్న:
కొత్త డాక్టరుకి చూపించడానికి అమ్మ పాత చీటీలన్నీ ముందేసుకుని టైప్ చేస్తున్నాను. ఆస్పిరిన్ దగ్గర ఆగిపోయాను. ఒకదాంట్లో డ్రగ్ అలర్జీ అని ఉంది, ఇంకోదాంట్లో హైపర్‌సెన్సిటివిటీ, మూడోదాంట్లో ఇన్‌టాలరెన్స్, అంటే మందు ఒంటికి పడకపోవడం. పైగా రక్తపరీక్షలో డస్ట్ మైట్‌కి (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు) ఐజీఈ, అంటే అలర్జీలో పనిచేసే యాంటీబాడీ, పాజిటివ్ వచ్చింది, కానీ అమ్మకి తుమ్ములూ లేవు, ఆయాసమూ లేదు. దాన్నీ అలర్జీ అనే రాయాలా? తప్పు రాస్తే రేపు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అన్నిటికంటే పెద్ద మాట హైపర్‌సెన్సిటివిటీ. మిగతావాళ్ళకి ఏమీ చేయని మోతాదే ఒక మనిషికి మళ్ళీ మళ్ళీ ఒకే రకం లక్షణాలు తెప్పిస్తే ఆ మాట వాడతారు. అందులో రోగనిరోధక వ్యవస్థ చేయి ఉందని తేలితేనే అలర్జీ. ప్రపంచ అలర్జీ సంస్థ 2003లో ఈ పేర్లు ఇలాగే సరిచేసింది. ఆస్పిరిన్‌తో ఇబ్బంది పడేవాళ్ళలో చాలామందికి వచ్చే దద్దుర్లు, ఆయాసం అసలు అలర్జీ కాదు, ఆ మందు కాక్స్-1 అనే ఎంజైమును ఆపడం వల్ల వస్తాయి. పేరుతో పనేముంది అనుకోకండి, చాలా ఉంది: ఇది ఎంజైము గొడవైతే అదే పని చేసే ఐబుప్రోఫెన్‌ లాంటి వేరే నొప్పి మాత్రలతోనూ వస్తుంది, నిజమైన అలర్జీ అయితే ఆ ఒక్క మందుకే పరిమితం కావచ్చు. ఉత్త అలర్జీ అని రాసి వదిలేస్తే తర్వాతి డాక్టరుకి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు 2:
డస్ట్ మైట్ సంగతి నేను చెప్తాను. ఐజీఈ పాజిటివ్ వచ్చి లక్షణాలు లేకపోతే దాన్ని సెన్సిటైజేషన్ అంటారు, అంటే ఒంట్లో యాంటీబాడీ తయారైంది, అంతే. జబ్బు కాదు. దయచేసి అలర్జీ అని రాయొద్దు. మా ఇంట్లో ఇలాంటి ఒక్క రిపోర్టు పట్టుకుని పిల్లకి రెండేళ్ళు పాలు మాన్పించాం, తీరా స్పెషలిస్టు ఆసుపత్రిలో తన ముందే కొంచెం కొంచెంగా తాగిస్తే ఏమీ కాలేదు. ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

జవాబు 3:
ఈ గందరగోళం పుట్టుకతోనే ఉంది. 1906లో పిర్కే అనే డాక్టరు అలర్జీ అన్న ఈ పదం పెట్టినప్పుడు, ఒకసారి తగిలిన పదార్థానికి శరీరం స్పందించే తీరు మారడాన్నే అలర్జీ అన్నాడు, అది మేలైనా కీడైనా సరే. 1963లో గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు హైపర్‌సెన్సిటివిటీని నాలుగు టైపులుగా విడదీశారు. నిమిషాల్లో వచ్చే ఐజీఈ రకం టైప్ 1, నికెల్ గొలుసు తగిలిన చోట ఒకటి రెండు రోజులకి దురద పెట్టి చర్మం లేచేది టైప్ 4. కానీ ఇంట్లో కూర్చుని టైపు నంబరు మీరు రాయకండి, అది డాక్టరు తేల్చాలి. మీరు రాయాల్సింది ఏ మందు, ఎంత మోతాదు, ఎంతసేపటికి, ఒంట్లో ఎక్కడ ఏమైంది. ఇంట్లో మళ్ళీ మాత్ర వేసి చూడటం మాత్రం వద్దే వద్దు.

అడిగినవారు:
ఇప్పుడే అమ్మని కూర్చోబెట్టి అడిగాను. మాత్ర వేసుకున్న గంటకి పెదవులు, కనురెప్పలు వాచాయట. ఇంకోసారి వేరే నొప్పి మాత్రకీ అలాగే అయిందట, ఎవరూ అడగలేదని చెప్పలేదంది. మూడు చీటీలూ మళ్ళీ వెతికాను, ఆ రెండో మాత్ర ఊసు ఎందులోనూ లేదు. మొదటి పేజీలో పైనే రాశాను.